దగ్గు కూడా కలిసిన సాక్ష్యం

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడితే, ఏ రాజ్యంలో అని అడిగేవాళ్ళు ఒకరైనా ఉంటారు. వాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నాను: కొలనుగిరి రాజ్యంలో. అది ఎక్కడుందని మాత్రం అడగకండి. ఉన్నన్నాళ్ళూ ఉండేది.

కొలనుగిరిని ఏలిన రాజు పేరు ఉద్దండవర్మ. మంచివాడే. ఆకలన్నవాడికి అన్నం పెట్టించేవాడు, చెరువుల్లో పూడిక తీయించేవాడు, పండితులు పొగుడుతుంటే విసుక్కోకుండా వినేవాడు. ఒక్కటే చిక్కు. న్యాయం చెప్పడంలో భూమ్మీద తనంతటివాడు లేడని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేకపోవడం వల్ల అది ఏటేటా ఇంకాస్త గట్టిపడుతూ వచ్చింది.

సాక్షుల్లో ఎవరిది నిజం, ఎవరిది అబద్ధం అని తేల్చడానికి ఆయన ఒక సూత్రం కనిపెట్టాడు. దాన్ని రాతిమీద చెక్కించి సభామంటపం గుమ్మం పక్కన నిలబెట్టించాడు. దాని మీద ఇలా ఉండేది: "నిజం ఒక్కటే. కనుక సాక్ష్యమూ ఒక్కటే. మాట కలవని సాక్షులందరూ అబద్ధీకులే, వారిలో రాజు ఉన్నా సరే." ఆఖరి ముక్క రాయించినప్పుడు రాజు తన నిష్పక్షపాతానికి తానే చలించిపోయి కళ్ళు తుడుచుకున్నాడు.

సూత్రం ప్రకారం సాక్షులను ఒక్కొక్కరినే సభలోకి పిలుస్తారు. మిగతావాళ్ళు అవతలి గదిలో, వినపడనంత దూరంలో ఉంటారు. అందరి మాటా కలిస్తే ఆ పక్షం గెలిచినట్టు. ఎక్కడైనా తేడా వస్తే ఆ పక్షం ఓడినట్టు, సాక్షులు అబద్ధీకులైనట్టు. అబద్ధీకులకు సగం తల గొరిగి గాడిద మీద ఊరేగిస్తారు. ఆ పనికి కొమరయ్య అనే క్షురకుడు కత్తీ, నీళ్ళ గిన్నే పెట్టుకుని సభలో ఒక మూల ఎప్పుడూ సిద్ధంగా ఉండేవాడు. పనిమంతుడు, మితభాషి.

ఇక జనం సంగతి. జనం రాజులకంటే త్వరగా నేర్చుకుంటారు. వీధిభాగవతాలకు ఆట నేర్పే తాళం వెంకన్న అనే ఆయన కాలి గజ్జెలు విప్పేసి సాక్షులకు పాఠం చెప్పే బడి పెట్టాడు. నలుగురైనా పదిమందైనా సరే, ఒకే మాట, ఒకే విరుపు, ఒకే ఊపిరి వచ్చేదాకా చెప్పించేవాడు. వెంకన్న దగ్గర తయారైన సాక్ష్యం ఇంతవరకు సభలో ఓడింది లేదు. చూసినవాళ్ళు మాత్రం, పాపం, ఎవరికి కనబడ్డట్టు వాళ్ళు చెప్పి, సగం గుండ్లతో ఇంటికి పోయేవాళ్ళు.

ఇదంతా దినమూ దగ్గరుండి చూసేవాడు లింగన్న. అతను రాజుగారి అడపం మోసేవాడు. అంటే తమలపాకులు, వక్కలు, సున్నం ఉన్న సంచి పట్టుకుని సింహాసనం వెనకాల నిలబడి, చెయ్యి చాపినప్పుడల్లా చిలక చుట్టి అందించేవాడు. పదవి చిన్నదిగా కనిపిస్తుంది గాని, రాజుగారి చెవికి మంత్రికంటే అతనే దగ్గర. చదువుకున్నవాడు, మాటకారి. ఎంత పెద్ద మాటైనా ముఖంలో ఒక్క గీత కదలకుండా అనేవాడు. అతను హాస్యమాడాడో, నిజంగా అన్నాడో తెలుసుకోవడానికి రాజుకు ఒక్కోసారి రెండు తాంబూలాల సమయం పట్టేది.

ఒకనాడు సభకు గడ్డివామి వ్యాజ్యం వచ్చింది.

నాగప్ప అనే మోతుబరి గడ్డివామి సందెవేళ తగలబడిపోయింది. నిప్పు పెట్టింది పక్కపొలం పోలయ్యేనని అతని ఫిర్యాదు. పోలయ్య చెరుకు పండించి, తన గానుగలో తనే ఆడించి బెల్లం వండుకునేవాడు. ఉన్నది చిన్న పొలం ముక్క, దానికి ఏ ఎండాకాలంలోనూ ఎండని ఒక బావి. నాగప్పకు పొలాలు చాలా ఉన్నాయి గాని అటువంటి బావి లేదు. వామికి నిప్పు పెట్టినట్టు రుజువైతే ఆ రాజ్యపు శాసనం ప్రకారం పోలయ్యకు దేశబహిష్కారం, అతని పొలం నాగప్పకు. ఇది చెప్పాక ఇక ఆ ఫిర్యాదు ఎందుకొచ్చిందో నేను వేరే చెప్పనక్కర్లేదు.

నాగప్ప సాక్షులు ముగ్గురు. మొదటివాడు వచ్చి చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు.

"సందెవేళ. పడమటి దిక్కు ఎర్రబడి ఉంది. నా దోవన నేను పోతున్నాను. పోలయ్య చేత కొరివి పట్టి వామి వైపు నడిచాడు." ఇక్కడ చిన్నగా దగ్గాడు. "అటు చూశాడు. ఇటు చూశాడు. నిప్పు పెట్టాడు. నవ్వాడు. వెళ్ళాడు. నా కన్ను చూసింది, నా నోరు చెప్పింది."

రెండోవాడు వచ్చి అదే చెప్పాడు. వామి వైపు నడిచాడు అన్నాక అతనూ దగ్గాడు. మూడోవాడి దగ్గర రాజు ముందుకు వంగి కూర్చున్నాడు. వామి వైపు నడిచాడు, దగ్గు. రాజు తృప్తిగా వెనక్కి వాలి లింగన్న వైపు చెయ్యి చాపాడు.

"చూశావా లింగన్నా, నిజానికి ఎంత బలముందో. దగ్గు కూడా కలిసింది."

"అవును ప్రభూ. ముగ్గురికీ ఒకే జలుబు" అని లింగన్న చిలక అందించాడు.

తరువాత పోలయ్య తరపువాళ్ళు వచ్చారు. గానుగ దగ్గర పొయ్యిలో పిప్పి ఎగదోసే ఓబులమ్మ ముందు చెప్పింది. "ఆ పొద్దు పోలయ్యన్న పాకం కాడ్నే ఉండె సామీ. తెడ్డుతో తిప్పుతా ఉండె. తలకు ఎర్రగుడ్డ చుట్టుకోని ఉండె. మంట లేసిందని అరుపులు ఇనపడినప్పుడు కూడా ఆడే ఉండె. ముదురుపాకం ఇడిసి యాడికి పోతాడు సామీ, మాడిపోదా?"

బండి తోలే గురవప్ప కూడా పోలయ్య అక్కడే ఉన్నాడన్నాడు, కాకపోతే మునికాళ్ళ మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడట, తలకు తెల్లగుడ్డ అట. ముసలి చిన్నయ్య కూడా అక్కడే ఉన్నాడన్నాడు. ఆకులో వేడిబెల్లం పెట్టి తనకిచ్చాడట. తలకు ఏ గుడ్డా లేదు, బట్టతల మంట వెలుగులో మెరుస్తోందని ముసలాయన ప్రమాణం చేశాడు.

రాజు ముఖం చిట్లించి పోలయ్యను అడిగాడు. ఆ సాయంత్రం నీ తల మీద ఏముంది? పోలయ్య చాలాసేపు ఆలోచించాడు. పాకం చూసుకుంటూ తల సంగతి చూసుకోలేదు, గుర్తులేదు సామీ అన్నాడు.

తన తల సంగతి తనకే తెలియనివాడు మిగతా సంగతులేం చెబుతాడని రాజు నవ్వాడు. సభ కూడా నవ్వింది. భోజనవేళ అయింది కాబట్టి తీర్పు మరునాటికి వాయిదా పడింది. వెళ్తూ వెళ్తూ రాజు కొమరయ్య వైపు మూడు వేళ్ళు చూపించాడు. కొమరయ్య తల ఊపాడు.

లింగన్న తమలపాకులకోసం అంగడివీధికి వెళ్తుంటే ఒకావిడ ఎదురొచ్చి నిలబడింది. పోలయ్య భార్య చెన్నమ్మ. ఏడుస్తుందేమోననుకున్నాడు. ఏడవలేదు.

వెంకన్న తమ ఇంటికి కూడా వచ్చాడని చెప్పింది. రెండు కోళ్ళిస్తే ముగ్గురికీ మంచి పాఠం చెబుతానన్నాడట. చూసినవాళ్ళకు పాఠమెందుకని పోలయ్యే పంపేశాడట. ఆయన మాట విని తప్పు చేశానయ్యా, ఆ కోళ్ళు ఇచ్చేసుంటే పోయేది అంది.

"ఒక్కటి అడుగుతాను అయ్యా. తీర్పు మార్చమని అడగను. కోతకొచ్చిన చెరుకు నిలబడి ఉంది. అది ఆడించుకునిందాకా గడువిప్పించు. బెల్లం ఎత్తుకోని పోతాం. నిలబెట్టి ఎండబెట్టి పోయేదానికి నాకు చేతులు రావు."

చూస్తానమ్మా అని మాత్రం అన్నాడు లింగన్న. ఆవిడ దండం పెట్టి వెళ్ళిపోయింది. లింగన్న అంగడివీధిలోనే నిలబడి లెక్క వేసుకున్నాడు. ఉన్నమాట చెప్పినందుకు ముగ్గురికి గుండ్లు, నిప్పు ఎరగనివాడికి దేశబహిష్కారం, వెంకన్నకు కోళ్ళు. దీన్ని తను వెనకాల నిలబడి ఆకులు చుడుతూ చూస్తున్నాడు.

రాజుగారితో నేరుగా చెప్పి లాభం లేదని అతనికి తెలుసు. సూత్రం తప్పంటే రాజు తప్పన్నట్టు. రాజు తప్పన్నవాడి తల సగం గొరిగితే అదృష్టం. అందుకని అతను తమలపాకుల మాట మరిచిపోయి, కోట వెనక పొట్టేళ్ళను మేపే మల్లప్ప దొడ్డి వైపు నడిచాడు. మల్లప్ప పందెపు పొట్టేళ్ళను పెంచేవాడు. అతనితో చాలాసేపు మాట్లాడాడు.

మరునాడు సభ నిండింది. సంకెళ్ళతో పోలయ్య, ఒక పక్క నాగప్ప, అతని ముగ్గురు సాక్షులు, జనంలో ముందు వరుసలో తాళం వెంకన్న. చెన్నమ్మ ఒక స్తంభానికి ఆనుకుని ఉంది. కొమరయ్య కత్తి నూరి పెట్టుకున్నాడు. రాజు గొంతు సవరించుకుని తీర్పు చెప్పడానికి నోరు తెరిచాడు.

అప్పుడు తూర్పు ద్వారంలోంచి ఒక పొట్టేలు సభలోకి దూసుకొచ్చింది.

దాని వెనక ఎవరో పరుగెత్తుకొచ్చారు. కేకలు పడ్డాయి. మంత్రి పీఠం తిరగబడింది, దానితోపాటు మంత్రీ. ఎవరో దీపపు సెమ్మె పడేశారు. ఏం జరుగుతోందో అర్థమయ్యేలోగా అంతా పడమటి ద్వారంలోంచి బయటికి పోయింది. సభలో సింహాసనం ముందు పొట్టేలు మేసి వదిలిన కాసిని బంతిపూల రేకులు, కిందపడ్డ మంత్రి మిగిలారు.

రాజు కోపంతో లేచి నిలబడ్డాడు. నిండుసభలో ఇటువంటి అపచారం తన వంశంలో ఎన్నడూ జరగలేదన్నాడు. ఎవడు వాడు, పట్టుకు రమ్మన్నాడు. భటులు పరుగెత్తబోయి ఆగారు. ఎవరిని పట్టుకోవాలో, వాడెలా ఉంటాడో వాళ్ళకు తెలియదు. వాళ్ళు ద్వారం బయట కాపలా ఉన్నారు, పొట్టేలు వచ్చేసరికి పక్కకు తప్పుకున్నారు.

లింగన్న మెల్లగా ముందుకొచ్చాడు. "ప్రభూ, ఇంతకంటే గొప్ప సాక్షులున్న నేరం ఇదివరకు జరగలేదు. సాక్షాత్తూ ప్రభువులే చూశారు. మంత్రిగారు, సేనాపతిగారు, పురోహితులవారు చూశారు. అదృష్టంకొద్దీ, నిన్న అంత చక్కగా సాక్ష్యం చెప్పిన ఆ ముగ్గురూ సభలోనే ఉన్నారు. సూత్రం ప్రకారం ఒక్కొక్కరినీ విచారిస్తే నేరస్తుడి రూపురేఖలు ఇట్టే తేలిపోతాయి."

రాజుకు ఈ మాట నచ్చింది. అందరినీ అవతలి గదిలోకి పంపించారు. గదిలో ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా భటులను నిలబెట్టారు. ముందు ప్రభువుల సాక్ష్యం రాయించుకుంటే మిగతావాళ్ళది దానితో సరిచూడొచ్చని లింగన్న అన్నాడు. అది మరీ నచ్చింది. రాజు కూర్చుని, సాక్ష్యం రాసుకునే రాయసగాడికి అందేలా నిదానంగా చెప్పాడు.

"ఆ పొట్టేలు తెల్లనిది. నేరుగా మా సింహాసనం ముందుకు వచ్చింది. మమ్మల్ని చూసి నిలిచిపోయింది. తల వంచి నమస్కరించింది. తరువాత సెలవు తీసుకుంది. వెంట వచ్చినవాడు మా ముఖం చూడలేక తల తిప్పుకున్నాడు. వాడి చేతిలో ఏమీ లేదు. స్త్రీలెవరూ రాలేదు."

లింగన్న భక్తిగా తల ఊపాడు. రాయసగాడు రాసుకున్నాడు.

మంత్రి కుంటుతూ వచ్చాడు. పొట్టేలు కారునలుపు, దున్నపోతంత ఉంది, మిగతావాళ్ళనందరినీ వదిలేసి తన పీఠం మీదికే వచ్చింది, ఇందులో పొరుగురాజు కుట్ర ఉంది. వెనకాల ఒక మగవాడూ ఒక ఆడదీ వచ్చారు, ఇద్దరూ నవ్వుతున్నారు.

సేనాపతి మీసం మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. వచ్చినవాడి చేతిలో కత్తి ఉంది. పొడవైన కత్తి. తను ఎదురువెళ్ళేసరికి భయపడి పారిపోయాడు. సేనాపతి ఆ సమయంలో పీఠమెక్కి నిలబడి ఉన్నాడని చూసిన జనం ఏమీ అనలేదు.

పురోహితుడు తను కళ్ళు మూసుకుని మంత్రం జపించానని ఒప్పుకున్నాడు. అయినా గిట్టల చప్పుడునుబట్టి పొట్టేళ్ళు రెండు అని ఖాయంగా చెప్పగలనన్నాడు.

నాగప్ప సాక్షుల్లో మొదటివాడు ముందు ఆడమనిషి వచ్చిందని, ఆమెను తరుముతూ పొట్టేలు వచ్చిందని చెప్పాడు. రెండోవాడు ఆడమనిషే లేదన్నాడు, మగవాళ్ళు ఇద్దరన్నాడు. మూడోవాడు పొట్టేలు పడమటి ద్వారంలోంచి వచ్చి తూర్పు ద్వారంలోంచి పోయిందన్నాడు. ముగ్గురిలో ఒక్కడు కూడా దగ్గలేదు.

అందరినీ లోపలికి పిలిచి నిలబెట్టారు. రాయసగాడు రాసిందంతా చదివాడు. చదువుతున్నకొద్దీ రాజు ముఖం కందిపోయింది. ఇంతమంది అబద్ధీకులను పెట్టుకుని రాజ్యం చేస్తున్నానా అని పళ్ళు కొరికి, కొమరయ్యను పిలిచాడు. కొమరయ్య వచ్చి కత్తి తడిపాడు.

మంత్రి తను చెప్పింది నిజమేనని, సేనాపతే అబద్ధమాడాడని అన్నాడు. సేనాపతి పురోహితుణ్ణి చూపించాడు. పురోహితుడు ఆకాశాన్ని చూపించాడు.

అప్పుడు లింగన్న చాలా వినయంగా, సూత్రం ఒక్కసారి జ్ఞాపకం చేస్తానన్నాడు. మాట కలవకపోతే ఎవరో ఒకరు కాదు, అందరూ అబద్ధీకులే. మంత్రిగారి మాట ఎవరితోనూ కలవలేదు. సేనాపతిగారిదీ అంతే. అక్కడితో ఆగి, సభామంటపం గుమ్మం వైపు చూశాడు. జనమంతా అటే చూశారు. రాయి అక్కడ ఉంది. దాని ఆఖరి ముక్క ఎండలో చక్కగా కనబడుతోంది.

కొమరయ్య తన పని తను చేసుకుపోయే మనిషి. హోదా వరుసలో మొదలుపెట్టమంటారా, సాక్ష్యం చెప్పిన వరుసలో మొదలుపెట్టమంటారా అని అడిగాడు. రెండు వరుసల్లోనూ ముందున్నది ఒక్కరే.

రాజు చెయ్యి తనకు తెలియకుండానే కిరీటం కింది జుట్టు మీదికి వెళ్ళింది. "లింగన్నా, మేము అబద్ధమాడామా?"

లింగన్న తల, పోలయ్య పొలం రెండూ ఈ జవాబు మీదే ఉన్నాయి.

"లేదు ప్రభూ. ప్రభువులు చూసిందే చెప్పారు. మంత్రిగారూ చూసిందే చెప్పారు. సెలవైతే పొట్టేలును రప్పిస్తాను. అది దూరం పోయి ఉండదు."

పొట్టేలు నిజంగానే దూరం పోలేదు. మల్లప్ప, అతని భార్య దాన్ని తాడుతో పట్టుకుని లోపలికి తెచ్చారు. దాని కుడివైపంతా తెలుపు, ఎడమవైపంతా నలుపు. సింహాసనం ఉన్న వైపునుంచి చూసినవాళ్ళకు తెల్ల పొట్టేలు, మంత్రి పీఠం వైపునుంచి చూసినవాళ్ళకు నల్ల పొట్టేలు. మల్లప్ప చేతిలో మడిచిన తాటాకు గొడుగు ఉంది. సేనాపతి దాన్ని కాసేపు చూసి తల తిప్పుకున్నాడు.

రాజు ఒక్కటే అడిగాడు. "అది మా ముందు తల వంచిందా, లేదా?"

"వంచింది ప్రభూ, నేనూ చూశాను. అక్కడ బంతిపూలు రాలి ఉన్నాయి" అన్నాడు లింగన్న.

రాజు పొట్టేలును ఒకసారి, మంత్రిని ఒకసారి చూశాడు. తరువాత, అయితే ఎవరూ అబద్ధమాడలేదా, మరి ఇన్ని రకాలుగా ఎందుకు చెప్పారని అడిగాడు. చూసిన మనుషులు అలాగే చెబుతారని లింగన్న జవాబిచ్చాడు. ఒకరు రంగు చూస్తారు, ఒకరు తమ భయం చూస్తారు, ఒకరు కళ్ళు మూసుకుంటారు. అయినా ఒక పొట్టేలు సభలోకి వచ్చి పోయిందన్న మాట దగ్గర ఇంచుమించు అందరూ కలిశారు, ఎవరూ ఏనుగు వచ్చిందనలేదు. పోలయ్య సాక్షులు గుడ్డ రంగు దగ్గర తేడా పడ్డారు గాని, అతను పాకం విడిచి కదల్లేదన్న మాట ముగ్గురూ చెప్పారు.

ఇంతవరకు చెప్పి లింగన్న గొంతు తగ్గించాడు.

"నాకు అర్థం కానిది ఒక్కటే ప్రభూ. ఈ ముగ్గురూ మొన్న సందెచీకట్లో, ఎవరి దోవన వాళ్ళు పోతూ, దూరాన జరిగిన సంగతి చూసి ఒక్క అక్షరం తేడా లేకుండా చెప్పారు. ఈరోజు పట్టపగలు, పక్కపక్కన నిలబడి, ఎదురుగా జరిగింది చూసి మూడు రకాలుగా చెప్పారు. ఇంతలో వీళ్ళ కళ్ళకు ఏమైందో, రాజవైద్యుణ్ణి పిలిపిస్తే మంచిదేమో."

ఉద్దండవర్మకు తనమీద తనకు ప్రేమ ఎక్కువే గాని, తెలివి తక్కువ లేదు. ఆయన ఆ ముగ్గురి వైపు తిరిగి చూసిన చూపుకు వాళ్ళు ఒకరినొకరు ఒరుసుకుని నిలబడ్డారు. రాజు మొదటివాణ్ణి దగ్గరకు పిలిచాడు. వామి అంటుకున్నప్పుడు గాలి ఎటునుంచి వీస్తోందని అడిగాడు.

వాడు నోరు తెరిచాడు, మూశాడు. మొదటినుంచి అందుకుంటే వస్తుందేమోనని, సందెవేళ, పడమటి దిక్కు ఎర్రబడి ఉంది, అని చివరిదాకా వెళ్ళాడు. మధ్యలో దగ్గాడు కూడా. గాలి రాలేదు. చెమటలు పోశాయి. జనంలో ఉన్న తాళం వెంకన్న వైపు దీనంగా చూశాడు. తొడమీద తాళం వేస్తున్న వెంకన్న చెయ్యి ఆగిపోయింది.

"గాలి సంగతి పాఠంలో రాలేదు సామీ" అన్నాడు వాడు.

ఆ తరువాత అంతా తొందరగా తేలిపోయింది. వానకు తడిసి పశువులు ముట్టకుండా కుళ్ళిపోయిన గడ్డిని నాగప్పే తన పాలేరుచేత అంటింపించాడని ఆ మొదటి సాక్షే చెప్పేశాడు. పోలయ్య సంకెళ్ళు తీశారు. ముగ్గురు సాక్షులనూ నాగప్పనూ వెంకన్ననూ రాజు కొమరయ్యకు అప్పగించాడు. చెన్నమ్మ స్తంభం వదిలి ముందుకొచ్చి, చెరుకు ఆడించుకోవడానికి గడువు ఎంతిచ్చారయ్యా అని లింగన్నను అడిగింది. ఆవిడకు ఇంకా నమ్మకం కుదరలేదు. ఎంతకాలమైనా ఆడించుకో తల్లీ అని రాజే చెప్పాడు. ఈ ఏడు గానుగ తిప్పడానికి నాగప్ప ఎద్దులు వస్తాయని, వెంట నాగప్ప కూడా వస్తాడని అన్నాడు. అప్పుడు ఏడ్చింది చెన్నమ్మ, నలుగురిలోనూ, బిగ్గరగా. పోలయ్య ఏం చెయ్యాలో తెలియక ఆమె పక్కన నిలబడి తల గోక్కున్నాడు.

గుమ్మం పక్క రాయిని రాజు ఆ పూటే పెరికించాడు. ఇక నుంచి సాక్ష్యం మరీ అచ్చంగా కలిస్తే ముందు వాళ్ళనే గట్టిగా విచారించమని ఆజ్ఞాపించాడు.

జనం వెళ్ళిపోయారు. రాజు లేవలేదు. లింగన్నను ఎదురుగా రమ్మన్నాడు. ఎప్పుడూ వెనక నిలబడేవాణ్ణి ఎదురుగా రమ్మంటే అది మంచికీ కావచ్చు, చెడుకీ కావచ్చు.

"ఇంతకీ ఆ పొట్టేలును నిండుసభలోకి తోలించింది ఎవరు?"

"విచారిస్తే తేలుతుంది ప్రభూ" అన్నాడు లింగన్న.

"అక్కర్లేదు. మేమే సాక్షులం" అన్నాడు రాజు. "నిన్న పొద్దువాలాక మేడమీద పచార్లు చేస్తూ చూశాం. నువ్వు మల్లప్ప దొడ్డి దగ్గర, తీరిగ్గా మీసం దువ్వుకుంటూ వాడితో మంతనాలాడుతున్నావు. మా కళ్ళారా చూశాం. కాదనగలవా?"

లింగన్నకు మీసం లేదు. ఊహ తెలిసినప్పటినుంచీ ఎప్పుడూ పెంచింది లేదు. ఆ మాట అతను అనలేదు. రాజుగారికి బాగా కనబడేలా ముఖం కొంచెం పైకెత్తి, వెలుగు వైపు తిప్పి నిలబడ్డాడు.

రాజు ఆ నున్నటి పైపెదవిని చూశాడు. ఇంకోసారి చూశాడు. నిన్నటిదాకా అయితే ఈ ఒక్క తేడాతో తన సాక్ష్యం కొట్టుకుపోయేది, లింగన్న నిర్దోషిగా ఇంటికి పోయేవాడు. ఆ సంగతి ఆయనకు నిదానంగా తెలుస్తోంది. లింగన్న చేతులు జోడించాడు.

"మీసం ఒక్కటి తప్ప మిగతాదంతా నిజం ప్రభూ. చూసినవారు చెప్పిన సాక్ష్యం. నమ్మాల్సిందే."

ఉద్దండవర్మ నవ్వడం మొదలుపెట్టాడు. కిరీటం పక్కకు ఒరిగినా సర్దుకోలేదు. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, నేరం రుజువైంది కాబట్టి శిక్ష తప్పదన్నాడు. తన భుజం మీది జరీశాలువ తీసి లింగన్నకు కప్పి, రేపటినుంచి న్యాయసభలో ఆకుల సంచి మరొకరికి అప్పగించి తన పక్క పీఠం మీద కూర్చోవాలని, సాక్షులను ముందు అతనే విచారించాలని శిక్ష వేశాడు.

కొలనుగిరిలో ఈ కథ ఇప్పటికీ చెప్పుకుంటారట. కొందరు శాలువ ఎర్రదంటారు, కొందరు పచ్చదంటారు, కొందరు అది శాలువే కాదు ఉంగరం అంటారు. పోలయ్య తన చెరుకు తనే ఆడించుకున్నాడని మాత్రం అందరూ చెబుతారు.